మొదలు వదిలి కోసే చేతులకే లైసెన్సు

వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో మమ్మల్ని భీమునిపట్నం దగ్గరి రాళ్ల మీదికి నాచు సేకరణకు తీసుకువెళ్లేవారు. సముద్రం బాగా లోపలికి తీసిన వేళ చూసుకుని, భుజాన ఒక ప్లాస్టిక్ సంచి, చేతిలో ఒక చిన్న కత్తి పట్టుకుని, జారే రాళ్ల మీద ఒకరినొకరు పట్టుకుంటూ నడిచేవాళ్లం. మా గురువుగారు ఆ పూటంతా ఒకే మాటను పదేపదే చెప్పేవారు: మొక్క మొదలుతో సహా రావాలి, మొదలు లేని నమూనాను గుర్తుపట్టడం కష్టం, దానికి మార్కులు ఉండవు. సముద్రపు నాచుకు వేళ్లు ఉండవు. రాతిని కరిచి పట్టుకునే చిన్న పీట లాంటి భాగం ఒకటి ఉంటుంది, దాన్ని మా పుస్తకాలు హోల్డ్‌ఫాస్ట్ అన్నాయి. మేము కత్తి మొనను దాని కిందికి పోనిచ్చి, రాతి పొరతో సహా పెకలించి తెచ్చేవాళ్లం. తెచ్చినదాన్ని మంచినీటిలో కడిగి, దళసరి కాగితం మీద పరిచి, పేరు, చోటు, తేదీ రాసి ఆరబెట్టేవాళ్లం. ఆ కాగితాలు కొన్ని ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

ఇరవై ఏళ్ల తరువాత, మా కళాశాల విద్యార్థులను వెంటబెట్టుకుని రామేశ్వరం దారిలో పాంబన్‌లో ఆగినప్పుడు, ఒడ్డున నాచు ఆరబోస్తున్న ఒక పెద్దావిడను కలిశాను. తమిళం తెలిసిన సహాధ్యాపకురాలు మధ్యలో ఉండి మాటలు అందించింది. "అక్కా, కోయడానికి కత్తి వాడరా?" అని అడిగాను. ఆమె నా ముఖం వంక ఆశ్చర్యంగా చూసి, తన వేళ్లకు చుట్టిన గుడ్డ పీలికలు చూపించి, "చేత్తో తుంచుతాం అమ్మా. మొదలు ఊడితే మళ్లీ వచ్చినప్పుడు ఏం తుంచుతాం?" అన్నది. డిగ్రీ కోసం మేము నేర్చుకున్నదీ, బతుకు కోసం ఆమె నేర్చుకున్నదీ సరిగ్గా ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డాయి. అప్పటినుంచి ఈ విషయాన్ని నేను వదలలేకపోతున్నాను. సహజంగా పెరిగే సముద్రపు నాచును కోయడానికి అనుమతి అంటూ ఒకటి ఉండాలా, ఉంటే దాన్ని ఎవరికి, ఏ షరతు మీద ఇవ్వాలి అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబును ఇక్కడ వివరంగా రాయదలచుకున్నాను.

ముందుగా ఆ చోటు సంగతి. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా ఉన్న మన్నార్ సింధుశాఖలో 21 చిన్న దీవులు వరుసగా ఉంటాయి. చుట్టూ పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి, నాచు. 1986లో తమిళనాడు ప్రభుత్వం ఈ దీవులనూ వాటి చుట్టూ ఉన్న నీటినీ కలిపి, 560 చదరపు కిలోమీటర్ల మేర సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. 1989లో దాని చుట్టూ మరింత విశాలమైన 10,500 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించారు. ఆ దీవులకు ఎదురుగా ఉన్న పాంబన్, మండపం, కీళక్కరై, ఏర్వాడి పరిసరాల ఊళ్లలో కొన్ని వేలమంది మత్స్యకార స్త్రీలకు నాచు ఏరడమే జీవనం. మనం పాచి అనే మాటను వాళ్లు పాసి అంటారు. తెలుగులో ఆ మాట నిన్నటి అన్నానికీ, కడగని ముఖానికీ, జారే గట్టుకూ అంటుకుని చిన్నబోయింది గాని, అక్కడ అది కూలి, బియ్యం, పిల్లల ఫీజు. వాళ్లు పెట్టుకున్న పేర్లు కూడా చక్కగా ఉంటాయి. మా పుస్తకాల్లో గెలీడియెల్లా అని ఉన్నదాన్ని వాళ్లు మరికొళుందు, అంటే దవనం, అంటారు. ఈక వంటి సన్నని దాని రెమ్మలను చూస్తే ఆ పోలిక వెంటనే తెలుస్తుంది. గ్రాసిలేరియా వాళ్లకు కంజి పాసి. సర్గాసమ్ కట్టక్కోరై. ముళ్ల ముళ్లగా, పకోడీలు గుచ్చినట్టుండే టర్బినేరియా పకోడా పాసి.

వీటిలో మొదటి రెండింటి నుంచి అగర్ అనే జిగురు తీస్తారు. 1880ల మొదట్లో, జర్మనీలో సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్టర్ హెస్సేకు, ఆయన భార్య ఫానీ తన వంటింట్లో వాడే ఈ పదార్థాన్ని సూచించింది. ఆనాటినుంచి సూక్ష్మజీవులను పెంచే ప్రతి గాజు పళ్లెంలో అగర్ ఉంది. మన దేశంలో ఏ జిల్లా ఆసుపత్రి ప్రయోగశాలలోనైనా రోగి మూత్రాన్నో కఫాన్నో కల్చర్‌కు పెట్టినప్పుడు సూక్ష్మజీవి పెరిగేది ఇలాంటి నాచు నుంచి వచ్చిన జిగురు మీదనే. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ నుంచి అగర్ రావడం ఆగిపోయినప్పుడే మన శాస్త్రజ్ఞులు సొంత తీరం వైపు చూశారు. 1960ల నుంచి కోత వ్యాపారంగా స్థిరపడింది. సర్గాసమ్, టర్బినేరియాల నుంచి వచ్చే ఆల్జినేట్ అనే మరో జిగురును బట్టల మీద రంగు అచ్చులకూ, దంతవైద్యుడు పంటి అచ్చు తీయడానికీ, ఐస్‌క్రీమ్ చిక్కదనానికీ వాడతారు. అంటే ఈ సరుకు దొంగచాటు వినియోగానికి పోయేది కాదు. బహిరంగంగా, రశీదులతో అమ్ముడుపోయే అవసరమైన వస్తువు.

కాని దాన్ని ఏరే మనిషి మాత్రం చట్టం కళ్లలో నేరస్థురాలు. ఇది ఎలా జరిగిందో చూడాలంటే చట్టం మాటల్లోకి వెళ్లాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణి అనే మాటలో జంతువులు మాత్రమే కాక, ఒక ఆవాసంలో భాగమైన నేలమీది, నీటిలోని వృక్షజాతి కూడా చేరుతుంది. కాబట్టి ఆ దీవుల చుట్టూ పెరిగే మరికొళుందు చట్టం దృష్టిలో వన్యప్రాణే. అదే చట్టంలోని 35వ సెక్షన్ ఆరవ ఉపవిభాగం, జాతీయ ఉద్యానవనం నుంచి దేన్నైనా తీసుకుపోవాలంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి పర్మిట్ ఉండాలనీ, ఆ పర్మిట్ కూడా అక్కడి వన్యప్రాణుల మేలు కోసమే ఇవ్వాలనీ చెబుతుంది. తీసిన అటవీ ఉత్పత్తిని చుట్టుపక్కల ప్రజల సొంత అవసరాలకు వాడుకోవచ్చు గాని వ్యాపారానికి వాడకూడదని కూడా అందులోనే ఉంది. ఈ స్త్రీలు అగర్ నాచును ఏరేది అమ్మకానికే. కనుక ఎంత మంచి మనసున్న అధికారి వచ్చినా, ఉద్యానవనం హద్దుల్లో నాచు ఏరుకోవడానికి ఆమెకు లైసెన్సు ఇవ్వడానికి ఆయన చేతిలో కాగితం లేదు. ఆయన చేయగలిగింది రెండే: చూసీ చూడనట్టు పోవడం, లేదా సంచి లాక్కోవడం. ఈ రెండింటి మధ్యనే ఆ స్త్రీలు కొన్ని దశాబ్దాలు గడిపారు. పడవలు పట్టుకున్నారు, జరిమానాలు కట్టించారు, ఎండిన నాచు స్వాధీనం చేసుకున్నారు. ఇంతలో మధురై పరిసరాల్లోని అగర్ తయారీ యూనిట్లు, ఆ సరుకునే దళారుల ద్వారా కొంటూ, తమ లైసెన్సులతో తాము చట్టబద్ధంగానే నడుస్తూ వచ్చాయి.

2006 నాటి అటవీ హక్కుల చట్టం దారి చూపుతుందేమోనని చాలామంది ఆశపడ్డారు. ఆ చట్టం మూడవ సెక్షన్లో నీటివనరులలోని చేపలూ ఇతర ఉత్పత్తులూ అన్న మాట స్పష్టంగా ఉంది. జాతీయ ఉద్యానవనాలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. కాని గిరిజనులు కానివారు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ ఉన్నట్టూ ఆ అడవి మీద ఆధారపడి బతికినట్టూ నిరూపించుకోవాలి. ఈ మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా అక్కడివే అయినా, నాచు వ్యాపారం 1960లలో మొదలైనది గనుక, లెక్క 75కు చేరదు. అమ్మమ్మ ముత్యపు చిప్పలూ శంఖాలూ ఏరిన నీటిలోనే మనవరాలు నాచు ఏరుతున్నదనే సంగతి ఆ దరఖాస్తు ఫారంలో పట్టే గడి లేదు. అడవి కోసం రాసిన చట్టాన్ని సముద్రానికి తొడిగితే ఎక్కడెక్కడ బిగుతవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక్కడ నా పాత అభిప్రాయాన్ని కూడా చెప్పాలి. చాలా ఏళ్లు నేను పూర్తి నిషేధాన్నే సమర్థించాను, తరగతిలో అలాగే బోధించాను. నిషేధం కోరేవారి వాదన తేలికైనది కాదు. నాచు గుబుర్లలో చేపపిల్లలూ రొయ్యపిల్లలూ దాగుతాయి. వందలమంది ఒకే దిబ్బ మీద నడిస్తే పగడపు కొమ్మలు విరుగుతాయి. నాచు అంటుకున్న రాయిని ఒడ్డుకు మోసుకొస్తే ఆ రాతి కింది జీవులన్నీ చస్తాయి. ఒకప్పుడు ఇనుప గరిటెలతో గీకిన మాట నిజమేనని పాంబన్ స్త్రీలే ఒప్పుకుంటారు. గెలీడియెల్లా నెమ్మదిగా పెరిగే జాతి, రాతికి పాకిన దాని అడుగు తీగను గీకేస్తే ఆ చోట తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. ఇవన్నీ నేను కాదనడం లేదు.

నా మనసు మారింది వేరే లెక్క చూశాక. మన్నార్ పగడపు దిబ్బలకు జరిగిన పెద్ద దెబ్బలు ఏవి అని రాసుకుంటే, సున్నం పరిశ్రమల కోసం దశాబ్దాల తరబడి పడవల కొద్దీ పగడపు రాయిని తవ్వి తీసుకుపోవడం మొదట వస్తుంది. 2001లో పగడాలను వన్యప్రాణి చట్టం గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో చేర్చిన తరువాత కూడా అది కొనసాగి, 2004 సునామీ తరువాతే, 2005 ప్రాంతంలో ఆగింది. ఆ జాబితాలో దాని తరువాత నీరు వేడెక్కి పగడాలు తెల్లబారిన 1998, 2010, 2016 సంవత్సరాలు వస్తాయి. అడుగును దున్నుకుంటూ పోయే ట్రాలర్ వలలు వస్తాయి. వీటన్నిటి తరువాత ఎక్కడో వస్తుంది మోకాళ్ల లోతు నీటిలో నిలబడ్డ స్త్రీ. కాని పట్టుకోవడానికి సులభంగా దొరికేది ఆమె ఒక్కతే. వేడెక్కిన సముద్రానికి జరిమానా రాయలేము. ఈ మాటను నేను ఎవరి మీదో నెపం వేయడానికి అనడం లేదు, సంరక్షణ పేరిట నేను చెప్పిన పాఠంలోనే ఆ తేలికదనం ఉండేదని ఒప్పుకోవడానికి అంటున్నాను.

ఆ స్త్రీలు తమకు తామే పెట్టుకున్న నియమాలను తెలుసుకున్నాక, నిషేధానికీ యథేచ్ఛకూ మధ్య మూడో దారి ఒకటి ఇప్పటికే నడుస్తున్నదని అర్థమైంది. వాళ్లు నెలకు 12 రోజులే ఏరుతారు: అమావాస్య చుట్టూ ఆరు రోజులు, పౌర్ణమి చుట్టూ ఆరు రోజులు. తక్కిన రోజులు నాచుకు విశ్రాంతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ నిషేధం నాచుకు వర్తించదు గాని, వేట ఆగే ఆ కాలంలోనే తాము కూడా కోత ఆపాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. ఇనుప పనిముట్లు మానేశారు. మొదలు వదిలి తుంచాలనే మాట ఊరి కట్టుబాటు అయింది. చిన్నపాలం గ్రామానికి చెందిన లక్ష్మీ మూర్తి ఈ స్త్రీలను కూడగట్టి, అధికారులతో మాట్లాడి, ఈ నియమాలను నిలబెట్టినందుకు 2015లో సీకాలజీ సంస్థ ఇచ్చే పదివేల డాలర్ల పురస్కారం అందుకున్నారు. దీవుల పర్యావరణాన్ని కాపాడేవారికి ఇచ్చే అంతర్జాతీయ పురస్కారం అది. తమ దేశపు చట్టం ఏ పనిని తప్పంటున్నదో ఆ పనిని జాగ్రత్తగా చేసినందుకే ఆమెకు ఆ గౌరవం దక్కింది.

అయితే లైసెన్సు ఇచ్చేస్తే సరిపోతుందా అంటే, ఇతర దేశాల అనుభవం నన్ను భయపెడుతుంది. లైసెన్సు అనే కాగితం ఎప్పుడూ దాన్ని నింపగలిగేవాడి వైపు జారుతుంది. ఐర్లండ్ పశ్చిమ తీరంలో కుటుంబాలు తరాల తరబడి చేతికొడవలితో నాచు కోస్తున్నాయి. కొందరి హక్కు భూమి పత్రాల్లోనే రాసి ఉంది. 2014లో అరమారా అనే ప్రభుత్వ రంగ నాచు సంస్థను అకేడియన్ సీప్లాంట్స్ అనే కెనడా కంపెనీ కొనుక్కుంది. ఆ తరువాత తీరాన్ని 1933 నాటి తీరభూమి చట్టం కింద లైసెన్సుల పద్ధతిలోకి తేవాలన్న చర్చ వచ్చేసరికి, తాతలనాటి హక్కు తమ చేతుల్లోంచి పోయి తామే కూలీలమవుతామని కోతగాళ్లు ఆందోళన చెందారు. అదే దేశంలో బాంట్రీ అఖాతంలో 753 హెక్టార్లలో యంత్రంతో కెల్ప్ అనే పెద్ద నాచును కోయడానికి 2009లో దరఖాస్తు పడి, 2014లో లైసెన్సు వచ్చింది. ఆ సంగతి తమకు ఆలస్యంగా తెలిసిందని స్థానికులు 2017లో గట్టిగా నిలదీశారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఇంకో మలుపు. అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2019 మార్చిలో, ఆటుపోట్ల మధ్య రాళ్లను అంటుకుని పెరిగే నాచు ఆ ఒడ్డు భూమి యజమాని ఆస్తి అనీ, చేపలు పట్టే ప్రజల హక్కులోకి అది రాదనీ తీర్పు చెప్పింది. కంపెనీని ఆపిన తీర్పే అయినా, ఒడ్డున సొంత భూమి లేని కోతగాడికి కూడా అది తలుపు మూసింది. కంపెనీది అనుకున్నా, భూస్వామిది అనుకున్నా, పాంబన్ స్త్రీ లాంటి మనిషికి ఆ లెక్కలో చోటు లేదు.

మరి చోటున్న లెక్క ఎక్కడైనా ఉందా అని వెదికితే, నాకు రెండు చోట్ల కనిపించింది. ఒకటి చాలా పాతది. ఫ్రాన్సులో 1681లో, పద్నాలుగో లూయీ కాలంలో, వెలువడిన నౌకాశాసనంలో నాచు కోతకే ఒక అధ్యాయం ఉంది. తీరగ్రామాల ప్రజలు ఏటా జనవరి మొదటి ఆదివారం చర్చి ప్రార్థన ముగిశాక సమావేశమై, ఆ ఏడు కోత ఏయే రోజుల్లో జరగాలో నిర్ణయించుకోవాలని అది ఆదేశించింది. రాత్రివేళ కోయకూడదు, ఆ రోజులు కాని రోజుల్లో కోయకూడదు, తమ ఊరి తీరం దాటి వేరే ఊరి తీరంలో కోయకూడదు. మూడున్నర శతాబ్దాల కిందట, నిరంకుశమైన ఒక రాజు కూడా హక్కును ఊరి చేతిలోనే ఉంచి, రోజులు నిర్ణయించే పని కూడా ఊరికే వదిలాడు. రెండవది కొత్తది. స్కాట్లండ్ తీరంలో యంత్రాలతో కెల్ప్‌ను మొదలంటా లాగే ప్రతిపాదన వచ్చినప్పుడు, చేపలవాళ్లూ సముద్రం అడుగుకు దిగే డైవర్లూ ఎదురు తిరిగారు. 2018 చివర్లో పార్లమెంటులో దానికి అడ్డుకట్ట పడి, 2019 చట్టంలో చేరింది. ఆ నిబంధన సారం ఏమిటంటే, కోసిన మొక్క తిరిగి పెరగడానికి వీల్లేకుండా చేసే వ్యాపారపు కోతకు అనుమతి ఉండదు. టన్నుల లెక్క, హెక్టార్ల లెక్క పక్కన పెట్టి, ఒక్కొక్క మొక్క మళ్లీ పెరుగుతుందా లేదా అన్నదాన్నే చట్టం కొలబద్దగా పెట్టుకుంది. పాంబన్‌లో నాకు ఆ పెద్దావిడ చెప్పిన మాట ఇదే. ఆమె మాటను చట్టం భాషలో రాయడం అసాధ్యమని ఇక ఎవరూ అనలేరు.

కాబట్టి నేను కోరే లైసెన్సు ఇలా ఉండాలి. అది వ్యక్తికో సంస్థకో కాక, ఒక ఊరి నాచు స్త్రీల సంఘానికి, ఒక గుర్తించిన నీటి భాగానికి కట్టుబడి ఉండాలి. అమ్ముకోవడానికి, కౌలుకు ఇవ్వడానికి, తాకట్టు పెట్టడానికి వీలుండకూడదు. పని మానేసిన మనిషి హక్కు సంఘానికే తిరిగి పోవాలి. కోత రోజులను సంఘమే ఏటా తీర్మానించాలి, శాస్త్రజ్ఞులు తమ పరిశీలనను ఆ సమావేశంలో వినిపించాలి. ఇందుకు మనకు మనుషుల కొరత లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1971లో కొచ్చికి తరలేవరకూ మండపమే దాని ప్రధాన కార్యస్థానం, ఇప్పటికీ అక్కడ కేంద్రం ఉంది. మన ఎం. ఉమామహేశ్వరరావు గారు మండపంలో నాచు మీద చేసిన పనిని తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి విశాఖ తీరంలో కొనసాగించారు. నాచు ఏ నెలలో ఎంత పెరుగుతుందో, ఎప్పుడు బీజాలు విడుస్తుందో కొలిచి రాసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆ కొలతలు గ్రంథాలయం బీరువాలో ఉన్నంతకాలం దిబ్బకు ఏ ఉపయోగమూ లేదు.

చట్టంలో మార్పు అవసరం, దాన్ని దాటవేయలేము. ఉద్యానవనం హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావాలి. అది కష్టమే. కాని వన్యప్రాణి చట్టానికి 2002 సవరణతో వచ్చిన సంరక్షణ రిజర్వు అనే ఏర్పాటు ఒకటి ఉంది. జాతీయ ఉద్యానవనాలకు ఆనుకుని ఉన్న ప్రభుత్వ ప్రాంతాలను, స్థానికులతో సంప్రదించి, గ్రామపంచాయతీ ప్రతినిధులు సభ్యులుగా ఉన్న సంఘం సలహాతో నడిపే వీలు అందులో ఉంది. దీవుల అంచున ఉన్న పగడపు దిబ్బలను గట్టిగా కాపాడుతూ, వాటి బయట ఒడ్డు వైపున్న నాచు క్షేత్రాలను ఈ పద్ధతిలోకి తేవచ్చని నా అభిప్రాయం. దీవుల చుట్టూ ఎక్కడా కాలు పెట్టకూడని చోట్లు కొన్ని ఉండి తీరాలి. ఆ స్త్రీలు ఆ హద్దును కాదనరనీ, హద్దు గీసే చోట తమను కూర్చోబెట్టమనే అడుగుతున్నారనీ నాకు వారి మాటల్లో వినిపించింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, ఎవరూ అంతగా పట్టించుకోనిది, తూకం. నాచు ఏరే వేలమందిని సముద్రంలో వెంటాడటానికి ఎన్ని పడవలు కావాలి? కాని కొనేవాళ్లు కొద్దిమంది. సరుకంతా దళారి తూకం మీదికి, అక్కడినుంచి తయారీ యూనిట్ గేటు దగ్గరి తూకం మీదికి రావలసిందే. కనుక లైసెన్సు భారం మొదట కొనుగోలుదారు మీద పడాలి. ఏ ఊరి సంఘం నుంచి, ఏ తేదీన, ఏ రకం, ఎంత బరువు అన్నది రిజిస్టరులో రాయకుండా ఒక్క సంచి కూడా కొనకూడదు. మొదళ్లతో, రాతిముక్కలతో వచ్చిన సరుకును తిప్పి పంపాలి. ఇది కంటితో చూసి పట్టగలిగిన తప్పు, ప్రయోగశాల అక్కర్లేదు. విశ్రాంతి నెలల్లో పచ్చి సరుకు గేటు దాటితే శిక్ష యూనిట్‌కే పడాలి. ఇలా కొనేవాడిని చట్టం చేరుకోగలదా అనే సందేహానికి జవాబు పాంబన్ ఉన్న రామనాథపురం జిల్లాలోనే ఉంది. పెంపకపు నాచును విదేశాలకు ఎగుమతి చేసిన ఒక పెద్ద కంపెనీ నుంచి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ రాయల్టీ వసూలు చేసి, ఆ డబ్బును పెంచినవారికి అందేలా చేసింది. ఎగుమతి లెక్క అడగగలిగిన ప్రభుత్వం మధురై గేటు లెక్క కూడా అడగగలదు. ధర సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ముందుగా అప్పిచ్చిన దళారికే, అతను చెప్పిన ధరకే అమ్మవలసి వచ్చినప్పుడు, మనిషి అప్పు తీరేదాకా ఎక్కువ కోస్తుంది. మంచి ధర వస్తే 12 రోజులు చాలు, రానప్పుడు 12 రోజుల కట్టుబాటు మీద ఒత్తిడి పడుతుంది. దిబ్బ ఆరోగ్యం అప్పు పుస్తకంతో ముడిపడి ఉందని మా వృక్షశాస్త్రంలో ఎవరూ చెప్పలేదు.

సహజమైన నాచును వదిలేసి అందరూ పెంపకంలోకి మారవచ్చు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. ప్రభుత్వాల ఉత్సాహం కూడా అటే ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచు కోసం 640 కోట్ల రూపాయలు కేటాయించారు. 2023లో రామనాథపురం జిల్లా వలమావూరులో 127 కోట్ల పైచిలుకుతో నాచు పార్కుకు శంకుస్థాపన జరిగింది. పెంపకాన్ని నేను వ్యతిరేకించను. కాని తెప్పల మీద పెంచేది ఎక్కువగా కప్పాఫైకస్ అనే జాతి. అది మన సముద్రానికి చెందినది కాదు, 1980లలో ప్రయోగాల కోసం తెచ్చినది. 2008లో ఉద్యానవనంలోని కురుసడై దీవి దగ్గర అది తెప్పలు దాటి వెళ్లి సజీవ పగడాలను కప్పేస్తున్నట్టు శాస్త్రజ్ఞులు ప్రచురించారు. పగడాలను కాపాడటానికి స్త్రీలను ఆపిన నీటిలోనే, ప్రత్యామ్నాయంగా తెచ్చిన మొక్క పగడాల మీద పరుచుకుంది. అంతేకాక కప్పాఫైకస్ ఇచ్చేది క్యారజీనన్ అనే వేరే జిగురు, అగర్ కాదు. ఆసుపత్రి పళ్లెంలోకి కావలసింది మరికొళుందు లాంటి జాతుల నుంచే రావాలి. తెప్పలకు, తాళ్లకు, విత్తనపు ముక్కలకు పెట్టుబడి కావాలి, ఒక తుఫాను వస్తే అంతా పోతుంది. రెండు చేతులూ ఒక సంచీ తప్ప పెట్టుబడి లేని మనిషికి సహజమైన నాచే మిగులుతుంది.

ఇక మన తీరం. దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో ఎక్కువ భాగం ఇసుక, మడ, బురద. నాచుకు కావలసిన రాతి అంచు విశాఖపట్నం, భీమిలి పరిసరాల్లోనే ఎక్కువ. అక్కడ అల్వా, సర్గాసమ్, గ్రాసిలేరియా, పడైనా కావలసినన్ని కనిపిస్తాయి. మన్నార్‌లో ఉన్నంత సంపద మనకు లేదు, ఆ మాట ముందే చెప్పాలి. అందువల్ల దాన్ని ఏరుకుని బతికే సంఘమూ ఇక్కడ ఏర్పడలేదు. నన్ను కలవరపెట్టేది సరిగ్గా ఇదే. ఎరువుల కోసమూ, పశువుల దాణా కోసమూ సర్గాసమ్‌కు గిరాకీ పెరుగుతున్న ఈ రోజుల్లో, ఎవరైనా ఆ రాళ్ల మీది నాచుకు అనుమతి అడిగితే, ఇది మా జీవనం అని అడ్డు నిలిచే అక్క ఒక్కరూ మన దగ్గర లేరు. హక్కుదారు లేని చోట అనుమతి చాలా సులభంగా పుడుతుంది.

అందుకే నాచు గురించి మన రాష్ట్రం రాసుకునే ప్రతి పత్రంలోనూ పెంపకం లక్ష్యాల కంటే ముందు, సహజ నాచు గురించి ఒక పేజీ ఉండాలని నేను కోరుతున్నాను. భీమిలి నుంచి విశాఖ దాకా ఉన్న రాతి తీరంలో ఏ జాతి ఎంత ఉందో రెండేళ్ల పాటు కొలవకుండా ఎవరికీ అనుమతి ఇవ్వకూడదని అందులో ఉండాలి. ఆ తరువాత ఇచ్చే మొదటి హక్కు ఆ ఒడ్డు మత్స్యకార గ్రామాల స్త్రీల సంఘాలదే కావాలి, అదీ గ్రామసభ తీర్మానంతో, తెలుగులో అచ్చువేసి ఊరి రచ్చబండ దగ్గర అంటించిన నోటీసుతో. మొదలు ఊడదీసే పనిముట్టు ఏదైనా, చేతి గరిటె అయినా యంత్రమైనా, నిషిద్ధమని రాయాలి. అందులో విద్యార్థుల సేకరణకు కూడా ఒక వాక్యం చేర్చాలి. నేను ఇప్పుడు నా విద్యార్థులను ఆ రాళ్ల మీదికి తీసుకువెళ్లినప్పుడు కత్తులు ఇవ్వడం లేదు. జాతికి ఒక్క నమూనాను తరగతి అంతటికీ కలిపి తీస్తాము, తక్కినవాటిని రాతి మీదే ఉంచి ఫోటో తీసి, పక్కన స్కేలు పెట్టి కొలుస్తాము, మళ్లీ వచ్చే అమావాస్యకు వెళ్లి అవే మొక్కలను వెదికి మళ్లీ కొలుస్తాము.